హెచ్చరిక గడి

పొద్దున్నే చద్దన్నంలోకి ఉల్లిపాయ నంజుకుంటూ అనిత లాప్‌టాప్ తెరిచింది. ఉద్యోగం విశాఖ కంపెనీలో, ఇల్లు భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున. వంటింటి గట్టే ఆఫీసు. ఊళ్ళో వేటకెళ్ళేవాళ్ళ ఫోన్లలో వాతావరణం చూపించే చిన్న ప్రోగ్రామ్ కూడా తనే రాసింది. దాంతో తండ్రి గంగరాజు కాళ్ళు నేలమీద ఆనేవి కావు. ఒడ్డున ఎవరు కనిపించినా ఫోను తీసి మొహం ముందు పెట్టేసేవాడు.

తెల్లవారకముందే ఆయనా, కొడుకు యుగంధర్ బోటు వేసుకుని వెళ్ళిపోయారు. ఫోన్లో "హెచ్చరిక లేదు" అని ఉంది మరి.

వాతావరణ శాఖ సర్వర్ నుంచి వచ్చిన సందేశం చూడగానే అనిత చేతిలో ముద్ద గిన్నెలో వదిలేసింది. ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ పట్టికలో గాలికో గడి, అలలకో గడి, హెచ్చరికకో గడి ఉంటాయి. హెచ్చరిక గడి ఖాళీగా వస్తే ప్రమాదం లేదని అర్థం. ఇవాళ అసలా గడే రాలేదు. దాన్ని పంపి తీరాలన్న నియమం లేదని అనితకి తెలుసు. రాకపోతే, అవతలివాళ్ళు ఏ సంగతీ చెప్పలేదన్నమాట. ఖాళీ గిన్నె పంపడం వేరు, గిన్నే పంపకపోవడం వేరు. ఈ మహాతల్లి రాసిన ప్రోగ్రామ్ రెండింటికీ ఒకటే మాట చూపించింది.

"అమ్మా! నాన్నకి ఫోన్ చెయ్యి!"

పెరట్లో చేపలు ఎండేస్తున్న లక్ష్మణమ్మ తలెత్తింది. "నడి సముద్రంలో ఫోనేటే? ఏటయినాది?"

అనిత చెప్పింది. సగమే అర్థమైంది, ఆ తల్లికి సగం చాలు.

"లేదని నువ్వే కదే రాసినావు?"

"వాళ్ళు చెప్పలేదమ్మా. చెప్పకపోతే లేదేమో అనుకుని..."

"అనుకున్నావా? నీ మాట నమ్మి ఇద్దరూ ఎల్లినారే! ఆ గాలి సూడు, రేకులెగిరిపోతన్నాయి!"

తల్లీకూతుళ్ళు ఒడ్డుకి పరిగెత్తారు. బోటు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వలలు పోయాయి. గంగరాజు బోటు అడుగున పడి మూలుగుతున్నాడు. అల విసిరిన విసురుకి భుజం విరిగింది. ఆ చేత్తో ఇక వల లాగలేడని విజయనగరంలో డాక్టరు చెప్పేశాడు.

మంచం పక్కన అనిత కుమిలిపోతోంది. యుగంధర్ చూడలేక, "ఊరుకోవే. వాళ్ళ సర్వరే పాడయినాదని సెప్పేద్దాం" అన్నాడు.

"కాదన్నయ్యా. గడి రాకపోతే 'తెలీదు' అని చూపించొచ్చు. ఆ మాట కనిపిస్తే నా పని ఎందుకూ పనికిరాదంటారని సిగ్గేసింది. అందుకే పెట్టలేదు."

లక్ష్మణమ్మ తిట్టబోయింది. గంగరాజు రెండో చెయ్యెత్తి ఆపాడు.

"దాన్నేటీ అనకు. పొద్దున్న గాలి తేడాగున్నాది నాన్నా అని ఈడన్నాడు. నాకూ తెలవలేదు. తెలవదని కొడుకుతో అనడానికి నామోషీ అయినాది. దీని ఫోను సూపించి ఈడి నోరు మూయించినాను."

యుగంధర్ తల దించుకున్నాడు. అనిత తండ్రి మంచి చెయ్యి పట్టుకుని దానిమీద మొహం పెట్టుకుంది.

"నాన్నా..."

"ఏడవకే. ఆ ఒక్క మాట మనిద్దరిలో ఎవులం అన్నా, మేం ఇంట్లోనే ఉందుమమ్మా."