నాలుగు నిమిషాల అమ్మాయి

ఆదివారం పొద్దున గొడవ జిగురు డబ్బాతో మొదలైంది.

తండ్రి ఆ డబ్బా తెచ్చి భోజనాల బల్లకి నాలుగో వైపున పెట్టాడు. వంటింట్లో ఉన్న తల్లి తల తిప్పకుండానే అంది.

"అక్కడ పెట్టకండి. అది కంప్యూటర్ చోటు."

"ఏ కంప్యూటర్? నాకేం కనపడ్డం లేదే."

"రేపో మాపో వస్తుంది."

"మూడు నెలల నుంచీ రేపో మాపో అంటూనే ఉన్నావు. రాని చుట్టానికి కుర్చీ వేసుకుని ఎదురుచూసినట్టుంది మన వరస."

ముగ్గురే ఉండే ఇల్లది. బల్లకి మూడు కుర్చీలు. నాలుగో వైపు కూతురి కంప్యూటర్ కోసం ఖాళీగా ఉంచడం తల్లి చేసిన ఏర్పాటు. అంతటితో ఆగలేదు. నీలం గుడ్డతో, అంచు మడిచి, దానికి తొడుగు కూడా కుట్టేసింది. ఆ తొడుగు ప్రస్తుతం మంచినీళ్ల కూజా మీద ఉంటోంది.

"సరే, ఆఖరి మాట," అన్నాడు తండ్రి. "ఇవాళ మధ్యాహ్నం భోజనాల లోపు కంప్యూటర్ రాకపోతే నా బైండింగ్ ప్రెస్సు తెచ్చి ఇక్కడ బిగిస్తాను. పుస్తకాలు పెట్టుకోడానికి చోటు లేక నేను చస్తుంటే..."

"వింటున్నావా తల్లీ?" అంది తల్లి. "మీ 'వచ్చేవారం' ఏమంటాడో కనుక్కో."

కూతురు వింటూనే ఉంది. మందుల షాపులో ఫార్మసిస్టు ఆమె. సెలవు రోజున తీరిగ్గా జుట్టు చిక్కు తీసుకుంటోంది. 'వచ్చేవారం' అన్న మాట వినగానే దువ్వెన ఒక్క క్షణం ఆగింది.

తండ్రి పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. అట్ట ఊడి, కుట్లు తెగి వచ్చిన పుస్తకం ఆయన చేతుల్లో మళ్లీ పుస్తకమవుతుంటే ఫోన్లో వీడియో తియ్యడం ఆమె సరదా. తీసినవన్నీ కలిపి, అనవసరమైనవి తీసేసి, నలుగురు చూసేలా చెయ్యాలని కోరిక. ఫోన్లోనే చెయ్యబోతే అది పొయ్యి మీది పెనంలా కాలిపోయింది. అందుకని మూడు నెలల క్రితం బజారులో ఉన్న కంప్యూటర్ల షాపుకి వెళ్లింది. కౌంటర్ వెనక ఉన్నతను తలెత్తాడు.

"ఎడిటింగ్‌కి మంచి కంప్యూటర్ కావాలండీ."

"ఏం ఎడిట్ చేస్తారు?"

"మా నాన్నని."

అతను నవ్వలేదు. "ఎంతసేపు ఉంటారు మీ నాన్నగారు?" అని అడిగాడు, ఎంతో శ్రద్ధగా.

నవ్వింది ఆమే.

ఆమె చెప్పిందంతా విని సాఫ్ట్‌వేర్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు. "డబ్బు పెట్టి కొనకండి. అతికించడం, కత్తిరించడం, మాట సరిగ్గా వినిపించేలా చేసుకోవడం, ఇంతేగా. ఉచితంగా దొరికేది చాలు. ఆ మిగిలింది ర్యామ్ మీద పెట్టండి. పదహారు జీబీకి తగ్గకూడదు."

షాపు గోడ మీది తెరలో సముద్రపు అలలు తళతళలాడుతుంటే ఆమె అటు చూసింది.

"దాన్ని చూసి కొనకండి. డెమో వీడియో ఏ కంప్యూటర్లోనైనా పరిగెడుతుంది. మీరు తీసింది ఒకటి ఇవ్వండి. దానితోనే పరీక్షిద్దాం."

ఆమె బ్యాగులో ఉన్న పెన్ డ్రైవ్ తీసి ఇచ్చింది. అందులో నాలుగు నిమిషాల వీడియో ఒకటి ఉంది.

అంత తెలివిగా మాట్లాడిన మనిషి ఆ తరవాత ఎందుకో ఏదీ తేల్చలేకపోయాడు. ఒకదాని ఫ్యాన్ చప్పుడు చేస్తోందన్నాడు. ఇంకోదాని తెరలో తెలుపు పచ్చగా కనపడుతోందన్నాడు. ప్రతిసారీ ఆఖరి మాట ఒక్కటే: "వచ్చేవారం కొత్తవి వస్తున్నాయండి." ఇంట్లో అతనికి అదే పేరు స్థిరపడిపోయింది.

ఆమె కూడా తొందరపెట్టలేదు. కొనేస్తే ఇక ఆ షాపు మెట్లెక్కడానికి కారణముండదు. ఆ సంగతి బల్లకి నాలుగో వైపున్న ఖాళీకి తప్ప ఎవరికీ తెలియదు.

*

సన్నగా జల్లు పడుతోంది. ఆ ఆదివారమే, షాపు బయట ఆమె గొడుగు ముడుస్తుంటే లోపలి నుంచి యజమాని గొంతు వినిపించింది. ఆయన అతనికి బాబాయి.

"ఒరేయ్, నీ నాలుగు నిమిషాల అమ్మాయి వస్తోంది. ఇవాళైనా అమ్ముతావా, లేక మళ్లీ ఫ్యాన్ చప్పుడేనా?"

"మెల్లిగా బాబాయ్."

ఆమె చెయ్యి గొడుగు మీదే ఉండిపోయింది. నాలుగు నిమిషాలా? వచ్చి, నాలుగు నిమిషాలు అటూ ఇటూ చూసి, ఏమీ కొనకుండా పోయే అమ్మాయనా? వెనకాల తనకి పేరు పెట్టి నవ్వుకుంటున్నారా?

తమ ఇంట్లో అతనికి పెట్టిన పేరు ఆ క్షణాన ఆమెకి గుర్తు రాలేదు.

లోపలికి వెళ్లి వేలు చూపించింది. "ఆ నల్లది ప్యాక్ చెయ్యండి."

"దాని ఫ్యాన్ కొంచెం..."

"చప్పుడు వింటూ బతుకుతాను."

"వచ్చేవారం..."

"వచ్చేవారం మీ షాపుకి నేను రాను."

అతని మొహంలో రంగు పోయింది. బాబాయి ఉన్నట్టుండి రసీదు పుస్తకంలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అతను లోపలి గదిలోకి వెళ్లి వేరే పెట్టె మోసుకొచ్చాడు.

"నల్లది వద్దండి. ఇది తీసుకోండి. మీ పనికి అచ్చంగా సరిపోతుంది. ర్యామ్, డిస్కు, తెరలో రంగులు, అన్నీ చూశాను. చప్పుడే లేదు."

"ఇదెప్పుడొచ్చింది?"

అతను పెట్టె మీది దుమ్ము చేత్తో తుడిచాడు. దుమ్ము బాగానే ఉంది.

"రెండు నెలలైందండి."

"రెండు నెలలా? మరి ఇన్నాళ్లూ..."

"ఇంటికొచ్చి బిగిస్తాను. అప్పుడు తిట్టండి."

దారి పొడవునా అతను గొడుగు పెట్టెకే పట్టాడు. ఆమె తన గొడుగు కింద, ఓ అడుగు ముందు, తిరిగి చూడకుండా నడిచింది. ఒక్కసారే చూసింది. అతని చొక్కా పూర్తిగా తడిసి భుజాలకి అతుక్కుపోయింది. కోపం కాస్త పలచబడబోతే గట్టిగా పట్టుకుంది.

ఇంటికి మూడే మెట్లు. మూడోది కదులుతుంది. వచ్చిన ప్రతివాళ్లకీ తల్లి కేకేసి చెప్పాలి. అతను రెండో మెట్టు మీంచి నేరుగా గడపలోకి అడుగు వేశాడు. కేక తల్లి నోట్లోనే ఉండిపోయింది.

"కూర్చో బాబూ, తుడుచుకో," అని తువ్వాలు ఇచ్చి దగ్గర్లో ఉన్న కుర్చీ చూపించింది.

"అది అయ్యగారిది కదండీ. కుర్చీ కాలి కింద అట్టముక్క ఉంటుంది," అని నిలబడే తల తుడుచుకున్నాడు.

తండ్రి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

బల్ల మీద తెర పెట్టాడు. వైర్లు కలిపాడు. గోడ దగ్గర రెండు స్విచ్చులుంటే ఎడమదాని జోలికే పోకుండా కుడిది వేశాడు.

"ఏమోయ్," అన్నాడు తండ్రి. "ఎడమది పనిచెయ్యదని నీకెవరు చెప్పారు?"

"అమ్మగారే చెప్పారండి."

"నేనా? నిన్ను ఇవాళే కదా చూస్తున్నాను," అంది తల్లి.

"రెండో నిమిషంలో అన్నారండి. 'ఎన్నిసార్లు చెప్పాలి, ఎడమది కాదు కుడిది వెయ్యండి' అని."

ఎవరికీ అర్థం కాలేదు. కూతురికి మాత్రం కొంచెం కొంచెంగా వెలుగు పడుతోంది. ఆ వీడియో ఈ బల్ల దగ్గరే తీసింది. రోజూ పనిచేసే ముందు గదిలో వెలుతురు చాలక ఆ రోజు తండ్రి ఇక్కడ కూర్చుని కుట్టాడు.

అతను తువ్వాలు మడత పెడుతూ చెప్పాడు. "షాపుకి వచ్చిన ప్రతి కంప్యూటర్నీ మీరిచ్చిన వీడియోతోనే పరీక్షిస్తున్నానండి. అన్నిటికీ ఒకే వీడియో వాడితేనే కదా ఏది నయమో తెలిసేది. అమ్మే ముందు తీసేస్తాను. అయినా అడగకుండా వాడుకున్నాను. తప్పే."

"అంటే, మూడు నెలలుగా నేను పుస్తకం కుట్టడమే చూస్తున్నావా?" అన్నాడు తండ్రి.

"అవునండి. ఆరో కుట్టు దగ్గర దారం ముడి పడింది. మీరు దాన్ని తిట్టారు కూడా. అప్పుడే ఎవరో మెట్ల మీద తడబడితే, 'మూడోది కదులుతుంది, చూసుకోండి' అని అమ్మగారు కేకేశారు."

తండ్రి మీసాల చాటున సంతోషపడ్డాడు. తన పని అంత శ్రద్ధగా చూసిన బయటివాళ్లు ఇంతవరకూ లేరు.

"అయితే నాలుగు నిమిషాలంటే..." అంది ఆమె.

"మీ వీడియో అండి. బాబాయి దాన్ని చూసి చూసి ఆ పేరు పెట్టాడు."

"అందులో ఉన్నది నాన్న కదా. నేనెక్కడున్నాను?"

"చివరి పదకొండు సెకన్లు. ఆపడం మర్చిపోయారు. ఫోన్ మీ వైపు తిరిగింది. నాన్నగారు ఏదో అంటే నవ్వారు. ఎడిటింగ్‌లో ఎవరైనా ముందు ఆ ముక్కే కత్తిరిస్తారు. మీరు మాత్రం దాన్ని కత్తిరించకండి."

తల్లికి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చింది. తండ్రికి ముందు గదిలో ఏదో గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకేసారి మాయమయ్యారు.

అతను జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"వాడుకోవచ్చా అని అడిగితే ఇది తిరిగి ఇచ్చెయ్యమంటారని అడగలేదు. కంప్యూటర్ అమ్మేస్తే మీరు రారని అమ్మలేదు. ఇప్పుడు రెండూ అయిపోయాయి. ఇంక మీ ఇష్టం."

ఆమె పెన్ డ్రైవ్‌ని వేలితో అటూ ఇటూ తిప్పింది.

"ఎంత నచ్చితే మాత్రం, కంప్యూటర్ని రెండు నెలలు దాచేస్తారా?"

"మరి మీరెందుకు ఒక్కసారైనా గట్టిగా అడగలేదు?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. కానీ మొహమే ముందు చెప్పేసింది. అతను నేల చూపులు చూస్తూ నవ్వుకున్నాడు.

*

"వాన తగ్గేలా లేదు. భోంచేసి వెళ్లు బాబూ," అంది తల్లి గిన్నెలు తెస్తూ.

ముగ్గురి చోట్లు ముగ్గురికీ ఉన్నాయి. నాలుగో వైపు కొత్త కంప్యూటర్ తీరిగ్గా కూర్చుని ఉంది. అతను కంచం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

"నాకిలా అలవాటేనండి. షాపులో నిలబడే తింటాను."

ఆమె తినబోయిన ముద్ద కంచంలో పెట్టేసింది. లేచి, చెయ్యి కడుక్కుని, స్విచ్ తీసేసి వైర్లు ఒక్కొక్కటే విప్పింది. తెరని రెండు చేతులతో ఎత్తుకుంది.

"నాన్నా, కంప్యూటర్ ముందు గదిలో మీ ప్రెస్సు పక్కన పెట్టుకుంటాను. ఈ చోటు ఈయనకి కావాలి. ఇవాళ ఒక్కరోజుకి కాదు."

గరిటె చప్పుడు ఆగింది.

తల్లి ముందుగా తేరుకుంది. లోపలి నుంచి స్టూలు తెచ్చి నాలుగో వైపున వేసింది. కూజా మీంచి నీలం తొడుగు తీసి, దులిపి కూతురి భుజం మీద వేసింది. "దాన్ని కప్పడం మర్చిపోకు. ముందు గదిలో దుమ్మెక్కువ," అంది. ఆవిడ ఒప్పుకున్నట్టే.

తండ్రి ఇంకా అతన్నే చూస్తున్నాడు.

"మొత్తానికి నా జిగురు డబ్బాకి ఇక్కడ చోటు లేదన్నమాట."

"క్షమించండి," అన్నాడతను.

"క్షమించడానికేముంది. కూర్చో. మీ పెద్దవాళ్లనీ, బాబాయినీ ఎప్పుడు తీసుకొస్తావు మా ఇంటికి?"

"వచ్చే..." అన్నాడు అలవాటుగా.

తెర మోసుకెళ్తున్న ఆమె గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"రేపేనండి," అన్నాడు.