ఏడు పుట్ల పచ్చబంగారం

ఆ ఉదయం ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. తూర్పున మబ్బు చీలి ఎర్రటి గీత కనబడేది, అంతలోనే మూసుకునేది. ఓబన్న గడ్డపార భుజాన వేసుకుని కొండ మొదట్లో నిలబడి, పిడికెడు మట్టి విసిరి గాలి ఎటు పోతున్నదో చూశాడు.

నంద్యాలకు ఆరు మైళ్ళ దూరాన ఉన్న ఆ కొండను చుట్టి వచ్చే దారి ఒకటుంది. మేకలోళ్ళ చుట్టుదారి అంటారు. ఎక్కినచోటికే మళ్ళీ తెచ్చి దించుతుంది. మందలు తగ్గినాక తొక్కేవాళ్ళు లేక, బోదగడ్డీ కలేకంపలూ దాన్ని మింగేశాయి.

ఓబన్న చెల్లెలు పుల్లమ్మ మోకు చుట్ట, లాంతరు, సద్దిమూట పట్టుకుంది. ఆమె మొగుడు మద్దిలేటి మాత్రం చంకలో ఒక పాత కొయ్య కుంచం పెట్టుకున్నాడు. దాని అడుగున ఎవరో ఎప్పుడో ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి: "చుట్టుదారి. తేనెచరియ దాటి గబ్బిలాల గవి. లోన పాతర. ఏడు పుట్లు పచ్చబంగారం."

మద్దిలేటికి పదేళ్ళుగా గుప్తనిధుల పిచ్చి. పోయినేడు ఒక గుట్ట తవ్వుతుంటే మట్టి కూలి, మూడు నెలలు మంచాన పడ్డాడు. "ఇదే కడాసారి," అని పుల్లమ్మ తేల్చి చెప్పింది. "ఇంగ మళ్ళా గడ్డపార పట్టినావంటే నేను మాయన్న ఇంట్లో ఉంటా. నువ్వు భూతాలతో కాపరం చేసుకో." ఓబన్న నిధి కోసం రాలేదు. బావను ప్రాణంతో కిందికి దించాలని వచ్చాడు.

"బావా, నాకొక అనుమానం," అన్నాడు ఎక్కుతూ. "బంగారాన్ని తులాల్లో తూచేది ఇన్న్యాను గానీ, పుట్లలో కొలిచినోణ్ణి యాడా చూడల్యా."

"రాజుల బంగారం బామ్మర్దీ! నీ మాదిరి సేద్యగాని బంగారం అనుకుంటివా?"

"రాజు కుంచంలో కొలిచినాడా?"

"ముందు నడువు. నీ నోరు మంచిది గాదు."

తేనెచరియ వచ్చింది. తల మీద నల్లటి బండ, దానికి చేటలంతేసి తేనెపట్లు తొమ్మిది వేలాడుతున్నాయి. కిందనేమో అడుగు వెడల్పు దారి, దాని పక్కన పాతాళం. మద్దిలేటి అలవాటుగా బీడీ నోట పెట్టి అగ్గిపుల్ల తీశాడు. ఓబన్న చెయ్యి పాములా సాగి అగ్గిపెట్టెను లాక్కుంది. పైన పట్టు మీద ఒక అల లేచి, గుయ్యిమని, మళ్ళీ అణిగింది. ముగ్గురూ బండకు వీపులు ఆనించి, ఊపిరి బిగబట్టి, పక్కకు పక్కకు జరిగారు. అవతల గట్టున పడ్డాక పుల్లమ్మ మొగుణ్ణి చూసి, "నిధి దొరికేదాకా ఆగు, అప్పుడు బీడీ గాదు, చుట్టే తాగుదువు!" అంది.

గవి మూతి కంపలో దాక్కుని ఉంది. లోపల గబ్బిలాలు రెక్కల గాలి కొడుతూ మీదుగా వెళ్ళిపోయాయి. వెనక మూలన నేల మీద గుండ్రని బండ. గడ్డపార దూర్చి ముగ్గురూ ఎత్తిపట్టి దొర్లించారు. నల్లటి నోరు తెరుచుకుంది. పులిసిన గంజి లాంటి వాసన భగ్గున వచ్చింది.

"చూసినావా! పాతర!" మద్దిలేటి గంతు వేశాడు.

"పాతరే," అన్నాడు ఓబన్న. "అందుకే చెప్తాండా. తెరిచిన పాతరలోకి ఉన్నపళంగా దిగరాదు. లోన చెడుగాలి ఉంటాది, ఒక పూట గాలి తగలాల. దీపం దించి చూడాల. నేను పోయి ఆకుమండలు ఇరుసుకొచ్చి లోన గాలి కదిలిచ్చా. అంతదాకా ఇద్దరూ దూరంగా కూచోండి."

పుల్లమ్మకు ఎందుకో మనసొప్పలేదు. మోకు కొన మొగుడి చంకల కిందుగా చుట్టి ముడి వేసింది.

"పెండ్లినాడు కట్టింది సాల్లేదా నీకు?" నవ్వాడు మద్దిలేటి.

ఓబన్న కానుగ కొమ్మ మీద చెయ్యి వేశాడో లేదో, లోపలినుంచి కేక వినబడింది.

"అన్నా! దిగినాడు! పలకడంల్యా!"

ఓబన్న ఒక్క పరుగున వచ్చాడు. వెలుగుతున్న లాంతరును మోకు రెండో కొనకు కట్టి దించాడు. నిలువెత్తు లోతు చేరకముందే మంట వణికి, నీలంగా మారి, ఆరిపోయింది. పుల్లమ్మ కాళ్ళు పాతరలోకి వేలాడేసింది.

"దిగొద్దు! నువ్వూ పడితే ఇద్దర్నీ ఎవరు లాగాల? మోకు పట్టు!"

అన్నాచెల్లెళ్ళు కాళ్ళు రాయికి తన్నిపెట్టి లాగారు. మోకు అరచేతుల్లో కోసుకుపోయింది. బరువు కదిలింది, లేచింది, పాతర నోటి దగ్గర భుజాలు తట్టుకుని నిలిచిపోయింది. "వదలొద్దు, రాయికి చుట్టెయ్!" అంటూ ఓబన్న ఊపిరి బిగబట్టి, బోర్లా పడి, తల లోపలికి దూర్చి, చేతికందిన జుట్టు పట్టుకున్నాడు. ఒక భుజాన్ని తిప్పాడు. చర్మం గీరుకుంటూ మనిషి బయటపడ్డాడు.

గవి బయటికి ఈడ్చుకొచ్చి గాలిలో పడుకోబెట్టారు. మద్దిలేటి పెదవులు నేరేడుపండ్లలా ఉన్నాయి. పుల్లమ్మ చెంపలు వాయించింది. "లెయ్యి! లెయ్యవయ్యా! బంగారం యాడన్నా పోనీ, లెయ్యి!" ఓబన్న ఛాతీ మీద రెండు చేతులు వేసి అదిమాడు. ఎంతసేపో. అప్పుడు ఆ గుండెల్లో గుర్రుమని శబ్దం వచ్చింది. దగ్గు వచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి.

పుల్లమ్మ కొంగు నోట కుక్కుకుంది. ఓబన్న అక్కడే చతికిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొండ కిందికి చూస్తూ ఉండిపోయాడు. దూరాన పట్నం ఇళ్ళు బియ్యపు గింజల్లా మెరుస్తున్నాయి. మబ్బు ఎప్పుడు విడిపోయిందో అతనికి తెలియదు.

మద్దిలేటి కుడి పిడికిలి ఇంకా బిగిసే ఉంది. పుల్లమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది. నల్లటి పొడి. అందులో మాడిపోయినట్టున్న నాలుగు గింజలు.

"జొన్నలు," అన్నాడు ఓబన్న నలిపి చూసి. "పచ్చజొన్నలు. ఏ కరువులోనో దాసిపెట్టుకున్న్యారు. తీసుకునే దానికి రాలేకపొయినారు పాపం."

మద్దిలేటి చాలాసేపు అరచెయ్యి చూసుకున్నాడు. తరువాత తడబడుతూ లేచి గవిలోకి నడిచాడు. పుల్లమ్మ "మళ్ళా యాడికి!" అని అరిచింది. అతను బండకు భుజం ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. కదల్లేదు. ఓబన్న పోయి రెండో వైపు పట్టాడు. పాతర మూసుకుంది.

"పోదాం పా, ఓబన్నా," అన్నాడు మద్దిలేటి. ఆ గొంతులో వాదం లేదు.

వెనక్కి తేనెచరియ మీదుగా పోలేదు. మిగిలిన సగం చుట్టు నడిచారు. మద్దిలేటి మధ్యలో, ఒక చెయ్యి భార్య భుజం మీద. దిగువన ఊటచెలమ దగ్గర పుల్లమ్మ మూట విప్పింది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరుబిండి, ఎర్రగడ్డ. ముగ్గురూ బండ మీద కూచున్నారు. మద్దిలేటి మొదటి ముక్క నమిలి, మింగి, ఆగి, ఇంకో ముక్క తుంచుకున్నాడు. అతను మింగిన ప్రతిసారీ పుల్లమ్మ తన ముక్క నోట్లో పెట్టుకుంది. కడపటి రొట్టెను ఓబన్న మూడు ముక్కలు చేశాడు.