రెండో వయొలిన్ కుర్చీ

"మీరు మ్యూజిక్ నోట్స్ చూసి వాయిస్తున్నారా, నన్ను చూసి వాయిస్తున్నారా?" అని మొదటి రోజే అడిగేసింది జ్దిస్లవా.

వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయొలా వాయించే రాదొవాన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. "ఎదురుగా కూర్చున్నారు. చూడకపోతే మన వాయింపు ఎలా కలుస్తుంది?"

"కలవడానికి వినాలండీ. చూడక్కర్లేదు."

అది సెప్టెంబరు. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో, ఒక బేకరీ పైగదిలో ఎనభై ఏళ్లుగా సాగుతున్న క్వార్టెట్, అంటే నలుగురు వాద్యకారుల బృందం అది. రెండో వయొలిన్ వాయించే పెద్దాయన చేతులు వణికి మానుకుంటే, ఆ కుర్చీ కోసం వచ్చింది జ్దిస్లవా. పది వారాలు కలిసి వాయించాక మిగిలిన ముగ్గురూ ఒప్పుకోవాలి. పెద్దల మొహం చూసి మాట మార్చకుండా, అందరిలోకి చిన్నవాడు ముందు చెప్పాలి. ఒక్కరు కాదన్నా కుర్చీ దక్కదు.

నవంబరు వచ్చేసరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద ట్రామ్ దాకా నడుస్తున్నారు. వానా ఆగలేదు, కబుర్లూ ఆగలేదు. కానీ రాదొవాన్ మనసు రోజురోజుకీ బరువెక్కుతోంది. ఆ క్వార్టెట్‌కు మొదటి నుంచీ ఇంకో కట్టుబాటు ఉంది. ఆ నలుగురిలో మొగుడూ పెళ్లాలు ఉండకూడదు. ఇంట్లో అలిగితే ఇక్కడ రెండు కుర్చీలు ఖాళీ అవుతాయని భయం.

తేల్చి చెప్పాల్సిన రోజు రేపనగా, ట్రామ్ స్టాపులో ఆమే కదిపింది.

"రేపు కాదంటారా?"

"ఎందుకంటాను?"

"కాదంటే నేను బయటే ఉంటాను. మనం పెళ్లి చేసుకోవచ్చు. ఆ ఆలోచన మీకు రాలేదని మాత్రం చెప్పకండి."

వచ్చింది. మూడు వారాలుగా అతన్ని కుదురుగా ఉండనివ్వనిది అదే.

"పన్నెండేళ్లప్పటి నుంచి ఈ కుర్చీ కోసమే వాయించాను," అంది. "అది మీ నోటితో పోతే, తర్వాత మీ పక్కన కూర్చుని ఒక్క ముద్ద కూడా తినలేను."

ట్రామ్ వచ్చింది. గొడుగు అతని చేతిలో పెట్టి, తడుస్తూనే ఎక్కేసింది.

మర్నాడు ఉదయం, అందరిలోకి చిన్నవాడు కనుక రాదొవాన్ ముందు లేచి నిలబడ్డాడు. "నాకు సమ్మతమే. ఈమెను ప్రేమిస్తున్నాను, అదీ చెప్పేస్తున్నా. అయినా సమ్మతమే. నాతో కలిసి ఇంత బాగా పలికిన వయొలిన్ నేను వినలేదు. పెళ్లి మాట ఎత్తను."

జ్దిస్లవా తలెత్తలేదు. ఆమె కళ్ల నీళ్లు వయొలిన్ మీద పడుతున్నాయి.

"నాకూ సమ్మతమే," అన్నాడు పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించే హినెక్. డెబ్బై దాటిన మనిషి. "బాధపడకురా. అలవాటవుతుంది."

మొదటి వయొలిన్ వాయించే ద్రహొమీరా తన వయొలిన్ ఒళ్లో పెట్టుకుంది. "సమ్మతమే. కానీ ఆ కట్టుబాటు ఇవాళే తీసేద్దాం."

"ఎనభై ఏళ్లది. ఎందుకు తీసెయ్యడం?" అన్నాడు హినెక్.

"అలవాటవదు కనుక."

ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి రిహార్సల్ తర్వాతా హినెక్ ద్రహొమీరాను ఆమె ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి, ఒంటరిగా తన గదికి వెళ్లిపోతున్నాడు. అది మర్యాద అనుకునేవారు అందరూ.

"ఈ మాట అప్పుడే ఎందుకనలేదు?" అన్నాడు హినెక్.

"నువ్వు అడగలేదు. అడుగుతావేమోనని చాలా ఏళ్లు చూశాను."

హినెక్ చెల్లోను గోడకు ఆనించి లేచాడు. బయట వాన పడుతూనే ఉంది.

"తీసేద్దాం," అన్నాడు చివరికి. తర్వాత రాదొవాన్ వైపు తిరిగాడు. "ఒరే, అడుగు. ఇప్పుడే, మా ముందే అడుగు."