ఆగిపోయిన కూనిరాగం

ఆవగింజంత కల్పన కలపకుండా కథ చెప్పగలవాడు లోకంలో ఒక్కడే మిగిలాడు. మీ అదృష్టం, ఇప్పుడు చెబుతున్న ముసలాయన ఆయనే.

ఒక ఇంటి పెద్దకూతురు స్కానింగ్ డాక్టరు. కడుపులోని బిడ్డను తెరమీద చూస్తూ కూనిరాగం తీయడం ఆమె అలవాటు. ఆ గొంతుకు బిడ్డలు లోపలే చెవులు మూసుకుంటారని ఆమె తల్లి వేళాకోళం. ఒకరోజు ఏడో నెల గర్భిణి అయిన తమ్ముడి భార్యకు ఆమే స్కాన్ చేసింది. మధ్యలో రాగం తెగింది. "అంతా బాగానే ఉంది" అంటూ కళ్లు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్న వంటింట్లో పాలు పొంగిపోతున్నా ఆమె అలాగే నిలబడింది. మరదలే వచ్చి స్టవ్ ఆపింది.

"నిన్న పాట ఎందుకాపేశావు వదినా?"

"గొంతు పట్టేసిందే."

"నీ గొంతు ఎప్పుడూ అంతేగా. అయినా ఏనాడైనా ఆపావా?"

తల్లి నవ్వబోయి, కూతురి మొహం చూసి మానుకుంది. డాక్టరు గిన్నె దించింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది.

"బిడ్డ మెదడులో రక్తం కారిందే. లోపల నీళ్ల గదులుంటాయి. రక్తం వాటి అంచునే ఆగితే ఒకటో గ్రేడు. గదిలోకి దిగితే రెండు. గది ఉబ్బితే మూడు. గోడ దాటి మెదడులోకి పాకితే నాలుగు. నిన్న బిడ్డ తల సరిగా దొరకలేదు. రెండో, మూడో తేలకుండా ఏమని చెప్పను?"

"రక్తం కారిందని చెప్పొచ్చుగా! పేరు పెట్టేదాకా బిడ్డ పుట్టనట్టేనా?"

అంకె తేలేదాకా నోరు విప్పకపోవడం ఆసుపత్రిలో డాక్టరుకు మంచిపేరు తెచ్చిన పద్ధతి. ఇంట్లో అదే పద్ధతి కాబోయే తల్లిని భయంతో ఒంటరిగా వదిలేసింది.

"తప్పు నాదే. పద, మళ్లీ చూద్దాం. ఈసారి తెర నీవైపే తిప్పుతా."

ఆసుపత్రిలో, తెరమీద బిడ్డ తల దొరికేదాకా మరదలిని బల్లమీద అటూ ఇటూ దొర్లించింది.

"పిండిముద్ద అనుకున్నావా వదినా నన్ను?"

"కదలకు. ఇదిగో, రక్తం గడ్డ. గదిలోనే ఉంది. కొలత చూడు, గది ఉబ్బలేదు. రెండో గ్రేడు."

"తగ్గిపోతుందా?"

"చాలామందికి తగ్గుతుంది. నీకు మాటివ్వలేను. ఎమ్మారై తీయిద్దాం, వారం వారం చూద్దాం. ఏం కనబడినా అప్పుడే చెబుతా."

"అది చాలు. ఇక పాడు."

డాక్టరు కూనిరాగం అందుకుంది. తెరమీద బిడ్డ చెయ్యెత్తి చెవి మూసుకుంది.

ఆవగింజంత కల్పన లేదన్న ముసలాయన ఇక్కడ గుమ్మడికాయంత కలిపాడు. చెవి మూసుకోవడం నిజమే, నమ్మండి. డాక్టరు పాడటమే కల్పన. ఆమె ఆ రోజు భోరున ఏడ్చింది. ఆమె వీపు నిమురుతూ కూనిరాగం తీసింది మరదలు.