వంకరగా తీసిన ఎక్స్‌రే

ఆసుపత్రి తలుపులు ఇంకా తెరవనే లేదు. దంతవైద్యుడు కంప్యూటరు ముందు కూర్చుని “శభాష్” అన్నాడు. కాఫీ తెచ్చిన భార్యకు ఆ మాట చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్లయింది.

ఆమెదీ అదే చదువు. ఇంటి ముందుగదుల్లోని ఆ ఆసుపత్రిని ఇద్దరూ కలిసే నిలబెట్టారు. ప్రతి ఎక్స్‌రేనూ ఆయన చూశాక ఆమె చూడవలసిందే. “ఓసారి ఇలా రా” అన్న పిలుపుకు పొయ్యిమీద పాలు వదిలి వచ్చిన రోజులున్నాయి. ఎక్స్‌రేలు చదివే కృత్రిమ మేధ కంప్యూటరులోకి వచ్చాక ఆ పిలుపు లేదు. పంటిలో పుచ్చు తొలినీడ పడినచోట అది తెరమీద పచ్చని గడి గీస్తుంది, ఆయన మురిసిపోతాడు. సవతినైతే నాలుగు మాటలని కడుపుమంట చల్లార్చుకోవచ్చు. దీన్ని ఏమని ఏం లాభం?

ఆ ఉదయం తెరమీద ఉన్నది కోడలి ఎక్స్‌రే. రెండు దవడపళ్ళ నడుమ గడి. నొప్పి లేదు, గుంట పడలేదు. ఇప్పుడే మందుపూత పూస్తే పన్ను తొలిచే పని తప్పుతుంది. భార్య వంగి చూసింది. నీడ ఆమెకూ కనిపించింది. నోట వచ్చిన మాట మాత్రం వేరు.

“పన్నుమీద పన్ను పడ్డ నీడండీ అది. మళ్ళీ తీస్తాను.”

కోడలిని లోపలికి తీసుకువెళ్ళి, ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త పక్కకు వంచింది. ఈసారి పళ్ళు ఒకదానిలోకొకటి చొచ్చుకుపోయినట్లు పడ్డాయి. నీడ ఆ తెలుపులో కలిసిపోయింది, గడి రాలేదు. యంత్రం పొరబడిందని ఆయన ఒప్పుకున్నాడు. పూత అక్కర్లేదని, ఏడాది పోయాక చూద్దామని కోడలికి చెప్పాడు.

“మీరుండబట్టి సరిపోయింది అత్తయ్యా. లేకపోతే అప్పుడే బోసినోరా అని మీ అబ్బాయి ఏడిపించేవాడు” అంటూ కోడలు సంచి భుజాన వేసుకుంది.

ఆ మెచ్చుకోలు అత్తగారికి ముల్లులా గుచ్చుకుంది.

“ఆగమ్మా. పుచ్చు ఉంది. నేనే కావాలని గొట్టం వంచి తీశాను.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఇంటిపిల్ల పంటిమీదా నీ పంతం?”

“మీరు నన్ను పిలవడం మానేశారు. ఆ డబ్బాకు చెప్పే శభాష్ నాకెప్పుడైనా చెప్పారా?”

ఆయన తెరవైపు నుంచి ఆమెవైపు తిరిగాడు.

“ఏ ముఖంతో పిలవను? నేను వదిలేసిన పుచ్చులు వరసగా నువ్వే పట్టేదానివి. నా చూపు మందగించిందని నీకు తెలిసిపోతుందని భయం. అంతకంటే... నిన్ను చూసి ఓర్వలేకపోయాను. ఆ డబ్బా దగ్గర ఓడిపోతే చిన్నతనంగా ఉండదు.”

ఆమె నిర్ఘాంతపోయింది. తాను తెరను చూసి కుళ్ళుకున్నన్నాళ్ళూ, ఆయన తనను చూసి కుళ్ళుకున్నాడు.

కోడలు సంచి దించి, తనంతట తానే రోగుల కుర్చీలో వాలింది. “మీ పోరులో అరిగేది నా పన్నా మావయ్యా? ముందా పూతేదో పూయండి” అని నోరు తెరిచింది.

అత్తగారు కుంచె అందుకుంది. కన్నీళ్ళలో పన్ను అలుక్కుపోయింది.

“నాకు కనిపించడం లేదండీ.”

“నాకూ అంతే” అన్నాడాయన, దీపాన్ని దగ్గరికి లాగుతూ.