ముందు వాసన చూడాలి

శనివారం పొద్దున ఆరున్నరకే మహేశ్వరి వంటింట్లో మూడు పొయ్యిలూ వెలిగాయి. అశోక్‌నగర్ సందులో ఆమె కర్రీ పాయింట్ తెరిచేసరికి హాస్టల్ పిల్లలు క్యారేజీలు పట్టుకుని నిలబడతారు. పరీక్షలకు చదివే పిల్లలు, ఆకలికి ఆగరు పాపం. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని భర్త జగదీశ్వర్ కూర్చున్నాడు. ఏడాదిన్నరగా ఇదొక అలవాటు చేసుకున్నాడు మహానుభావుడు.

"పోపు మాడుతుంది, దించు" అన్నాడు పేపర్లోంచే.

"నాకే నేర్పుతున్నవా వంట? మొగోనికి వంటింట్ల ఏం పనో!" అని కసురుకుంటూనే గబగబా దించేసింది.

నిజం చెప్పాలంటే ఆమెకు తెలియలేదు. నాలుగేళ్ల కింద కరోనా వచ్చి, పోతూ పోతూ ఆమె ముక్కులోంచి వాసనంతా ఊడ్చుకుపోయింది. ఇంగువ లేదు, మల్లెపూలు లేవు, మాడు కంపు కూడా లేదు. ఇక రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా మొగుడికి చెప్పలేదు.

ఎందుకు చెప్తుంది? ఏడేళ్ల కింద జగదీశ్వర్ పగలూ రాత్రీ తాగేవాడు. చిక్కడపల్లి రోడ్డు మీద పడిపోతే ముక్కూ మొహం తెలియని వాళ్లు ఇంటికి మోసుకొచ్చేవారు. ఓర్చి ఓర్చి ఒకరోజు ముషీరాబాద్‌లో అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది మహేశ్వరి. అతను వెనకే వచ్చి కాళ్లావేళ్లా పడితే ఒక్క షరతు పెట్టి తిరిగొచ్చింది. రోజూ సాయంత్రం ప్రింటింగ్ ప్రెస్సులో పనినుంచి రాగానే గడపలో నిలబడి ఆమె మొహం మీద ఊదాలి. వాసన లేకపోతే చాయ్. ఉంటే అతని బట్టల సంచి బయట.

ఆ రోజునుంచి ఒక్క సాయంత్రం తప్పకుండా ఊదుతున్నాడు. ఆమె కళ్లు మూసుకుని పీలుస్తుంది, "మంచిది, లోపలికి రా" అంటుంది. నాలుగేళ్లుగా గాలి తప్ప ఏమీ పీల్చడం లేదని తెలిస్తే ఈ మనిషి ఆగుతాడా? ఆ భయంతోనే రోజూ అతని ముందు నాటకమాడుతోంది.

ఇంతలో ఫోను మోగింది. తమ్ముడు కరుణాకర్. నారాయణగూడలో వైన్స్ నడుపుతాడు.

"అక్కా, ఇయ్యాల సాయంత్రం మా షాపుల టేస్టింగ్ పెట్టిన. వైన్లు, కొత్తరకం బీర్లు, ఊరికెనే రుచి చూపిస్తం. నలభై మంది వస్తరు. నువ్వు జర మొక్కజొన్న గారెలు, చికెన్ పకోడి చేసియ్యవా? రెండు గిన్నెలే."

"మీ బావ సంగతి తెల్వదారా నీకు? నేను నీ దుకాణం గడప తొక్క."

"బావ మానేసి ఏడేండ్లాయె గదనే! ఇంక ఎన్నాళ్లు పరేషాన్ అయితవు? కావల్నంటే నువ్వొక్కదానివే రా."

ఒక్కగానొక్క తమ్ముడు. కాదనలేకపోయింది. ఆ పూటకి కర్రీ పాయింట్ మూసి, అయిదింటికి గిన్నెలు సర్ది, ఆటో కోసం బయటికొస్తే శనివారం కదా, జగదీశ్వర్ ప్రెస్సు నుంచి తొందరగా వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఒక్కదానివి ఎట్ల మోస్తవు? పా, నేనొస్త."

"ఒద్దు! నువ్వు ఇంట్లనే ఉండు."

"బయటనే నిలబడుత తియ్" అని గిన్నెలు అందుకున్నాడు. ఆటోలో ఆమె దేవుళ్లందరికీ మొక్కుకుంది.

షాపు వెనక గదికి కొత్త రంగులు వేయించాడు కరుణాకర్. పొడుగాటి బల్ల మీద సన్నకాళ్ల గాజు గ్లాసులు, నోట్లోది ఉమ్మేయడానికి ఒక ఇత్తడి బిందె. వైన్ కంపెనీ నుంచి వచ్చిన తేజస్వి అనే అమ్మాయి నవ్వుతూ వివరిస్తోంది. "తొందరపడి తాగేయకూడదండీ. గ్లాసు ఇలా తిప్పి, ముందు వాసన చూడాలి. సగం రుచి ముక్కులోనే ఉంటుంది."

మహేశ్వరి పకోడీలు పెట్టేసి చల్లగా జారుకుందామనుకుంది. జగదీశ్వర్ అన్నమాట ప్రకారం తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి.

"ఇగో, మా అక్క! ఇరవై ఏండ్ల నుంచి వంట చేస్తది. ముక్కంటే ఈమెది!" అని కరుణాకర్ ఆమె భుజం పట్టుకుని బల్ల దగ్గరికి తోశాడు. "వాసన చూసి చెప్పక్కా, తాగమంటలేను."

"అవునాంటీ, మీరు చెప్పండి" అని తేజస్వి ఒక ఎర్ర గ్లాసు చేతిలో పెట్టింది. అప్పటికే ఆ గ్లాసు బల్ల చుట్టూ తిరిగొచ్చింది. వాసన చూసిన వాళ్లంతా పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నారు. మహేశ్వరి అది గమనించలేదు. అలవాటైన నాటకమే కదా అని కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది.

"ద్రాక్షపండ్ల వాసన. మంచిగుంది" అంది.

గదంతా గొల్లుమంది.

"అయ్యో ఆంటీ! అది పాడైపోయిన సీసా. చెడిపోతే ఎలా కంపు కొడుతుందో చూపించడానికే తెచ్చాం."

"ఏందక్కా, తడిసిన గోనెసంచి లెక్క కొడుతుంటే ద్రాక్ష అంటవు!" కరుణాకర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

మహేశ్వరికి భయమేసింది. ఇంతమంది ముందు నవ్వులపాలైనందుకు కాదు. తలుపు దగ్గరున్న ఆ ఒక్కడూ విన్నాడని. తల తిప్పి చూసింది. జగదీశ్వర్ నవ్వడం లేదు. ఆశ్చర్యపోవడమూ లేదు. నిదానంగా వచ్చి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. అతని చేతిలో వైన్ గ్లాసు చూసి ఆమె లాక్కోబోయింది. అతను దాన్ని బల్ల మీద పెట్టేసి, "పా, ఇంటికి పోదం" అన్నాడు.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఇద్దరూ నడిచారు. సెంట్రల్ లైబ్రరీ గోడ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"ఏడాదిన్నర."

"ఎట్ల?"

అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "తాగిన."

మహేశ్వరి గోడ పట్టుకుంది.

"మా ప్రెస్సుల నరేంద్ర చచ్చిపోయిండు గదా. పదకొండొద్దుల నాడు అందరం కూసున్నం. ఒక క్వార్టర్ తాగిన. ఇంటికొస్తుంటే భయంతోని సచ్చిన. ఇయ్యాల నా సంచి బయట పడ్డట్టే అనుకున్న. గడపల నిలబడి ఊదిన." అతను ఆమె వైపు చూశాడు. "నువ్వు కండ్లు మూసుకొని, 'మంచిది, లోపలికి రా' అన్నవు. చాయ్ ఇచ్చినవు."

"అంటే ఏడాదిన్నర నుంచి తాగుతున్నవా! నన్ను పిచ్చిదాన్ని చేసి రోజూ..." ఆమె అరుపుకి గోడవారన కూర్చుని చదువుకుంటున్న పిల్లలు తలలెత్తారు. ఆమె లెక్కచేయలేదు. అతని అంగీ పట్టుకుని గుంజింది. "చెప్పు! ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. నీ మీదొట్టు."

"నేనెట్ల నమ్మాలె? అడ్డం లేదని తెలిసినంక కూడా ఆగినవంటే ఎట్ల నమ్మాలె?"

"ఆగలేదు. మర్నాడు పొద్దుగాల్నే వైన్స్ కాడికి పోదామనే లేచిన. ఇగ నన్ను పట్టుకునేటోళ్లు లేరు, రోజూ తాగొచ్చు అనుకున్న." అతను మొహం తుడుచుకున్నాడు. "చెప్పులేసుకుంటుంటే వంటింట్ల నుంచి గ్యాస్ వాసన. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నువ్వు దాని పక్కనే కూసొని బెండకాయలు కోస్తున్నవు. ఇంకో పొయ్యి ముట్టియ్యడానికి లైటర్ చేతుల వట్టుకున్నవు. ఉరికొచ్చి సిలిండర్ బంద్ చేసిన. యాదికుందా?"

ఆమెకు గుర్తుంది. పొద్దున్నే ఎందుకీ హడావుడి అని ఆ రోజు తిట్టింది కూడా.

"నేను తాగి పడుంటే నిన్నెవరు చూస్తరే? ఇంట్ల ఇద్దరికి కలిపి ఉన్నది ఒక్కటే ముక్కాయె. ఆ దినం నుంచి పొద్దున నీ పొయ్యిలు ఆరేదాంక గుమ్మంల కూసుంటున్న. నీకు చెప్తే సిగ్గుపడ్తవని చెప్పలే."

మహేశ్వరి అంగీ వదిలేసింది. ఫుట్‌పాత్ మీదే కూలబడి ఏడ్చింది. ఏడేళ్లుగా ఈ మనిషిని తనే పట్టి ఆపుతున్నాననుకుంది. రోజూ పోలీసులాగా నోరు వాసన చూసిందే గాని, ఆ నోటితో ఒక్కసారైనా మనసులో మాట చెప్పనిచ్చిందా? ఎట్లున్నవని అడిగిందా? తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. అతనూ పక్కనే కూర్చున్నాడు. 

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "ఇంకా తాగాలనిపిస్తదా?"

"రోజూ."

ఆమె ఉలిక్కిపడింది. అదెప్పుడో పోయిందనుకుంది. "రోజూనా? ఇన్నేండ్లకు కూడానా?"

"రోజూ. పొద్దంత పని మీద పడి మరిచిపోత. ఏడింటికి ప్రెస్సు మూసి ఇంటికి నడిచొస్తుంటే మొదలైతది. దారిల మూడు వైన్స్‌లున్నయి. మూడో దాన్ని దాటేవరకు కాళ్లు వణుకుతయి. దాటినంక గోడకానుకొని జరసేపు నిలబడి వస్త."

రోజూ ఆలస్యమెందుకైందని గడపలో నిలబెట్టి కసురుకున్న సాయంత్రాలన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి.

"సోమవారం నుంచి ప్రెస్సు కాడికి నేనొస్త. ఇద్దరం కలిసి నడిచొద్దం."

"ఏడింటికా? నీకు రాత్రి గిరాకీ అంతా అప్పుడే గదనే. పిల్లలు ఉట్టిగ పోతరు."

"పోతే పోనీ."

జగదీశ్వర్ తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అతను తాగకుండా ఏడవడం మహేశ్వరి చూడటం అదే మొదటిసారి.