తొమ్మిదో కేబిన్ బోరింగు

ఉత్తర మినసోటా అడవుల్లో, టామరాక్ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంపుగ్రౌండులో తొమ్మిదో కేబిన్ అంటే మగవాళ్లకి ప్రాణం. గుమ్మం దిగితే పడవ, పడవెక్కితే చేపలు. ఆడవాళ్లు మాత్రం ఆ పేరెత్తగానే మాట మార్చేస్తారు. లోపల కుళాయి లేదు. నీళ్లు కావాలంటే వెనక పైన్ చెట్ల మధ్యనున్న బోరింగు కొట్టుకోవాలి. పొద్దు వాలాక ఆ బోరింగు దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దంటారు.

ఎందుకో మగవాళ్లకి తెలియదు. అంట్లు తోమేవాళ్లకి చెప్పాల్సిన సంగతి గాలం వేసేవాళ్లకి చెప్పి ఏం లాభం? బట్టలుతికే గదిలో, మెషీన్ల చప్పుడు చాటున ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే కథ ఇది.

మార్నీకి ఈ కథ తెలియదు. ఆమెకి కావలసింది ఐదో కేబిన్. కిటికీ ఎత్తున మంచు పేరుకున్న చలికాలమంతా ఫోటోలు చూసి చూసి ఎంచుకుంది. అందులో వేణ్ణీళ్ల కుళాయి ఉంది, గిన్నెలు కడిగే మెషీన్ ఉంది. ఒక్క వారం తన చేతులు తనవిగా ఉండాలి. కూతురు టెస్‌తో కలిసి ఈత కొట్టాలి. తను పిలిస్తే ఇంట్లో ఎవరో ఒకరు పలకాలి... అంతకు మించి ఆశ లేదు.

తీరా అక్కడికి చేరాక, ఆఫీసులో బెర్నీస్ అనే ఆవిడ తొమ్మిదో నంబరు తాళం తీసింది.

"మాది ఐదు కదండీ?" అంది మార్నీ.

"మీ ఆయనే ఫోన్ చేసి మార్పించారుగా!"

భర్త కర్టిస్ టోపీ సర్దుకున్నాడు. "అమ్మకి మంచంమీంచే సరస్సు కనపడాలిట. ఓటింగ్ పెట్టుకున్నాం."

"ఎప్పుడు?"

"నువ్వు బట్టలు మడతలు పెడుతున్నప్పుడు. అమ్మా నేనూ తొమ్మిదికి చెయ్యెత్తాం. నువ్వున్నా ఓడిపోయేదానివే, బంగారం."

గుమ్మం ముందు ఆగిన కారులోంచి అత్తగారు ఆర్డిస్ అందుకుంది. "అడవికొచ్చి కుళాయేంటి, మార్నీ? మా రోజుల్లో సరస్సులోంచి మోసుకొచ్చేవాళ్లం. ఎవరి నడుములూ విరగలేదు!"

"ఇప్పుడు ఐదుకి మారొచ్చా?" మార్నీ నెమ్మదిగా అడిగింది.

"పొద్దున్నే ఇచ్చేశాం." బెర్నీస్ తాళం చేతిలో పెడుతూ గొంతు తగ్గించింది. "చూడండమ్మా... నీళ్లు వెలుగుండగానే పట్టేసుకోండి. చీకట్లో వెళ్లాల్సొస్తే ఎవర్నైనా తోడు తీసుకెళ్లండి."

"ఎలుగుబంట్లా?"

"ఎలుగుబంట్లయితే బోర్డు పెట్టేవాళ్లం."

మార్నీ ఆ మాట విన్నది. వెలుగుండగానే రెండు బకెట్లు నింపి వంటింట్లో పెట్టింది. కర్టిస్ చేపలు పట్టుకొచ్చి, ఆ రెండు బకెట్ల నీళ్లతోనూ చేపలు కడిగి, బూట్లు కడిగి, వీరుడిలా లోపలికొచ్చాడు. చేపలు వేయించింది మార్నీ. అత్తగారు మెచ్చుకున్నది మాత్రం వాటిని పట్టిన కర్టిస్‌ని.

తిన్నాక అంట్లు మిగిలాయి. అక్కడ ఎంగిలి గిన్నెలు తెల్లారేదాకా ఉంచే వీల్లేదు. చేపల వాసన పట్టిందంటే ఎలుగుబంటి తలుపు ఊడబీకుతుంది. కడిగి తీరాలి. బకెట్లలో చుక్క లేదు.

"కర్టిస్, బోరింగు దాకా తోడు రావా?"

"ఈ ఆట అవనీ." పేకముక్కల మీంచి తలెత్తలేదు.

"నేనొస్తానమ్మా!" టెస్ లేచింది.

"కూర్చోవే, దోమలు పీక్కుతింటాయి," అంది ఆర్డిస్. "మీ అమ్మేమైనా చంటిపిల్లా?"

"వరండా దీపం వెలుగుతూనే ఉంటుందిలే," అన్నాడు కర్టిస్. అది వాళ్లింటి ఆచారం. అడవిలో దిగితే అందరూ లోపలికి చేరేదాకా వరండా దీపం వెలగాలి. ఆఖరున వచ్చినవాళ్లే ఆర్పాలి.

మార్నీ బకెట్ తీసుకుని వెళ్లింది.

ఇనుప పిడి మంచులా ఉంది. కొట్టింది... గాలి తప్ప నీళ్లు రాలేదు. మళ్లీ కొట్టింది. సరస్సు మీద ఏదో పిట్ట ఆడమనిషి నవ్వినట్టు కూసి, చటుక్కున ఆగిపోయింది. దోమల రొద కూడా ఆగింది.

అప్పుడు — పిడి తేలికైంది.

ఎవరో అటువైపు పట్టుకుని తనతో పాటు కొడుతున్నట్టు. నీళ్లు బొళబొళా పడ్డాయి. మార్నీకి భయం వేయలేదు. అదీ ఆమె దురదృష్టం. కాపురానికొచ్చాక తన పనిలో ఇంకో చెయ్యి పడటం అదే మొదలు. ప్రాణం హాయిగా... కళ్లు మూసుకుంది. ఒక్క క్షణమే.

కళ్లు తెరిచేసరికి బకెట్ లేదు. పైన్ ఆకుల మీద తడి జాడ — కేబిన్ వైపు.

వరండా దీపం ఆరిపోయింది.

పరుగెత్తింది. తలుపు గడియ వేసుంది. కర్టిస్‌ని పిలిచింది, బాదింది. చెక్క మీద చెయ్యి పడుతోంది గానీ చప్పుడు లేదు. వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది.

లోపల నలుగురున్నారు.

నాలుగోది అటు తిరిగి బకెట్ దించుతోంది. మార్నీ ఎర్ర స్వెటరే. మార్నీ జడే.

"నువ్వే ఆఖరుగా? దీపం ఆర్పావా?" అన్నాడు కర్టిస్.

"ఆర్పేశాను." మార్నీ గొంతే.

"టెస్! టెస్! ఇటు చూడమ్మా!"

టెస్ కిటికీ వైపే చూసింది. దగ్గరికొచ్చింది. తల్లి ముఖంలోకి సూటిగా చూస్తూ, అద్దంలో చూసుకున్నట్టు నుదుటి మీద జుట్టు సరిచేసుకుంది. వెళ్లిపోయింది.

లోపలి మనిషి గిన్నెల జోలికి పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కర్టిస్, అంట్లు తోము."

బయట మార్నీ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. ఆ మాట తను నవ్వుతూ అంది, బతిమాలుతూ అంది, ఏడుస్తూ అంది. ఈమె ఉప్పందించమన్నంత మామూలుగా అంది.

కర్టిస్ ముక్కలు కింద పెట్టాడు. "సరే," అన్నాడు. లేచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు!

"నీకూ ముక్కలు పంచనా, అమ్మాయ్?" అంది ఆర్డిస్. ఎన్నడూ లేనంత మర్యాదగా.

టెస్ ఆ కొత్త మనిషి ఒళ్లో చేరింది. తల మెడ కింద పెట్టుకుంది, నిద్రొచ్చినప్పుడు తల్లి దగ్గర పెట్టుకునేట్టే.

కర్టిస్ కిటికీకి ఎదురుగా నిలబడి పెనం తోముతున్నాడు. అద్దానికి అటు అతను, ఇటు ఆమె. మధ్యన జానెడు దూరం లేదు. మార్నీ అద్దానికి నోరు ఆనించి, ఒంట్లో ఉన్న శక్తంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

కర్టిస్ చెయ్యి ఆగింది. తలెత్తాడు.

"ఏదో వినపడింది..." అన్నాడు.

మార్నీకి ప్రాణం లేచొచ్చింది. అవును, నేనే... నేనే...

బల్ల దగ్గర మనిషి ముక్కల మీంచి కళ్లెత్తలేదు.

"గాలి. తెర వేసెయ్."

పెళ్లాం చెప్పింది. కర్టిస్ తడిచేతుల్తోనే తెర లాగేశాడు.